లైటు ఎవరి కోసం

ఇప్పుడిక నా స్నానం బకెట్ మీద పడిందండీ మీ కూతురు. షవర్ వద్దంది, సరే అన్నాను. వేడినీళ్లు రోజు విడిచి రోజు చాలంది, తలూపాను. ఇవాళ పొద్దున బకెట్ కేసి చూసి, "ఇంత పెద్దది ఎందుకమ్మా, ఇంకాస్త చిన్నది చాలదూ?" అంటుంది. నా ఒళ్లు చూసి మాట్లాడాలి కదా మనిషన్నాక.

నవ్వకండి. నవ్వుతున్నారని నాకు తెలుసు. మీరు పోయాక ఈ స్విచ్చుల గొడవ కూడా మీతోనే పోయిందనుకున్నాను. ఎక్కడికి పోతుంది? మీ పోలికంతా దానికే వచ్చింది.

ఇస్త్రీ పెట్టె అటకెక్కింది. బట్టలు తడిగా ఉన్నప్పుడే గట్టిగా విదిలించి ఆరేస్తే ముడతలు పడవట. అల్లుడు పాపం నలిగిన చొక్కాతోనే ఆఫీసుకు వెళుతున్నాడు. స్కూటర్ అమ్మేశారు, ఇద్దరూ బస్సే. నేను గిన్నె మీద మూత లేకుండా నీళ్లు కాచానంటే, అది వంటింటి గుమ్మంలో నిలబడి నా కేసి కాదు, గిన్నె కేసి చూస్తుంది. ఆ చూపు భరించలేక మూత పెట్టేస్తాను. తొక్కలకి ఒక డబ్బా, ప్లాస్టిక్‌కి ఒకటి, కాగితాలకి ఒకటి. చేతిలో చెత్త పట్టుకుని వాటి ముందు నిలబడితే పరీక్ష హాల్లో ఉన్నట్టే ఉంటుంది.

దీనంతటికీ ఒక పేరు కూడా ఉందండోయ్. కార్బన్ ఫుట్‌ప్రింట్. మనం వాడే కరెంటు, గ్యాసు, పెట్రోలు, పారేసే చెత్త, వీటన్నిటి వల్ల ఎంత పొగ గాల్లో కలుస్తోందో ఆ లెక్కట అది. ఇంటింటికీ ఉంటుందట. అది తగ్గకపోతే ఎండలు ఇంకా ముదురుతాయట. మీ రోజుల్లో దీన్ని నేను పిసినారితనం అనేదాన్ని. పేరు తెలియక మిమ్మల్ని అన్నేళ్లు ఊరికే ఆడిపోసుకున్నాను.

ఎగతాళి చేస్తున్నాననుకోకండి. అది చెప్పేదాంట్లో తప్పేం లేదు. ఎండలు నాకు మాత్రం తెలియవా? కిందటి వేసవిలో ఈ గదిలో కుట్టుమిషన్ ఇనుము తగిలితే చెయ్యి చురుక్కుమనేది. అది ఇంకా చాలా ఏళ్లు బతకాల్సిన పిల్ల. దానికి భయం ఉండదూ?

అదిగో, బీరువా తలుపు చప్పుడు. ఇంకా తయారవుతోంది. మనకి కాస్త టైముంది. ఐదింటికల్లా డాక్టరు దగ్గర ఉండాలట. ఆ సంగతి మీతో మాట్లాడదామనే ఇక్కడికొచ్చి కూర్చున్నాను. ఊరికే మంచం మీద కూర్చుంటే మళ్లీ అనుమానపడతారని ఈ పాత కర్టెన్ తెచ్చుకున్నాను. దీంతో సంచులు కుట్టాలి, కొట్టుకి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లడానికి. కుడుతూ చెబుతాను, వినండి.

డాక్టరు ఎవరికేమిటి? నాకే. ఒంటికి కాదు లెండి, మతిమరుపుకి.

ఉండండి, ఉండండి. కంగారు పడకండి. మొదట్నుంచీ చెబుతాను.

ఇంట్లో మీరెలా తిరిగేవారో గుర్తుందా మీకు? నేను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళితే చాలు, వెనకాలే చెప్పుల చప్పుడు, ఆ వెంటనే టిక్. లైటు ఆగిపోయేది. ఇంకో టిక్, ఫ్యాను. "ఎవరి కోసం వెలుగుతోంది ఇది?" అనేవారు, గోడని అడిగినట్టు. నన్ను అడిగితే పోట్లాట అవుతుందని గోడని అడిగేవారు. ఒకసారి వంటింట్లో కింద కూర్చుని డబ్బాలు సర్దుకుంటుంటే, నన్ను చూసుకోకుండా లైటు తీసేసి చక్కా పోయారు. చీకట్లోంచి "బాబూ, ఇక్కడ పెళ్లాం ఉంది" అన్నాను. హడలిపోయారు మీరు. ఎన్నాళ్లు నవ్వుకున్నాం దానికి.

కుట్టుమిషన్‌కి ఎంతో ముచ్చటపడి మోటారు పెట్టించుకున్నాను. నెల తిరక్కుండా విప్పేసి, కాళ్లున్నాయి కదా తొక్కు అన్నారు. స్కూలు యూనిఫారాలు ఒప్పుకున్న సీజన్లో నా పిక్కలు రాళ్లయిపోయేవి. పక్కింటావిడేమో, "మీ ఆయన కరెంటు ఆఫీసే కదా, మీకు ఊరికే వస్తుందేమో" అనేది. ఊరికే రావడం కాదు, ఉన్నదే వాడనివ్వరమ్మా అని చెబితే నమ్మేది కాదు.

ఆ రోజుల్లో మీ మీద ఎంత ఒళ్లు మండేదో. ఆ ఫోను సంగతి జరిగేదాకా.

మీకు గుర్తులేకపోవడమేమిటి? సబ్‌స్టేషన్‌లో మీ షిఫ్టు. వేసవిలో కరెంటు చాలక పై నుంచి ఫోన్ వచ్చేది, ఫలానా లైను ఆపెయ్ అని. మీరు ఆపేవారు. అంతే, కొన్ని వీధులకి వీధులే చీకటి. ఆ తర్వాత జనం ఫోన్లు, తిట్లు. నోరు మెదపకుండా అన్నీ వినేవారు. ఆ సాయంత్రం ఒకావిడ మాత్రం తిట్టలేదన్నారు. పసిబిడ్డకి ఒళ్లంతా చెమటకాయలు లేచాయి, ఏడ్చి ఏడ్చి గుక్క పట్టింది, కాసేపు ఫ్యాను తిరిగేలా చూడండి బాబూ, బిడ్డ పడుకోగానే మళ్లీ తీసేసుకోండి అని బతిమాలిందట. మీరు కుదరదమ్మా అని ఫోన్ పెట్టేశారు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా, హాల్లో ఫ్యాను ఆపి కూర్చున్నారు. చెమట్లు ధారలు కడుతున్నాయి. ఏమయిందని అడగ్గా అడగ్గా చెప్పారు.

"మనం ఆపితే అది ఆవిడకి వెళుతుందా?" అన్నాను.

"వెళ్లదు. నాకు తెలీదా? అయినా ఖాళీ గదిలో తిరుగుతుంటే చూడలేను," అన్నారు.

ఆ రోజు నుంచి మిమ్మల్ని ఏమీ అనలేకపోయాను. అన్నాను, కాదనను. నోటితో అన్నాను, మనసుతో కాదు.

సరే, అసలు సంగతికొస్తా. మీరు పోయినప్పుడు నేను ఏడవలేదని చాలామంది చెవులు కొరుక్కున్నారు. ఏడవడానికి తీరికేదీ? ఇంటినిండా జనం, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, వాళ్లకి పక్కలు, కాఫీలు. అందరూ వెళ్లాక ఒక మధ్యాహ్నం ఈ గదిలోకి వచ్చి లైటు వేసి ఏదో వెతుక్కున్నాను. కిటికీ ఉన్నా పక్క బిల్డింగ్ గోడే కదా కనబడేది, పట్టపగలు కూడా లైటు లేనిదే ఈ గదిలో దారం సూదికి ఎక్కదు. వెతుక్కుని వంటింట్లోకి వెళ్లిపోయాను. పని చేసుకుంటూనే ఉన్నాను గానీ ఎందుకో చెవి మాత్రం ఇటే ఉంది. చెప్పుల చప్పుడు లేదు. వంటయింది, గిన్నెలు కడగడమయింది. వచ్చి చూద్దును కదా, లైటు అలాగే వెలుగుతోంది.

అప్పుడు తెలిసిందండీ నాకు మీరు లేరని. ఆసుపత్రిలో చెప్పినప్పుడు కాదు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

మర్నాడు కావాలనే వదిలేశాను.

ఎందుకంటే ఏం చెప్పను? చూద్దాం, ఎంతసేపు ఊరుకుంటారో అనిపించింది. పిలిస్తే మీరు పలకరు. ఏడిస్తే రారు. కానీ ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కారు కదా మీరు. ఏ లోకంలో ఉన్నా కాళ్లు ఆగవు కదా. అందుకని వదిలేసి, వంటింట్లో నిలబడి ఊపిరి బిగబట్టి విన్నాను.

లైటుకి రాలేదు. దాంతోపాటు ఫ్యాను కూడా వేసి వదిలాను. దానికీ రాలేదు. హాల్లో పురుగు కూడా లేకుండా టీవీ పెట్టాను. ఒకరోజు గీజర్ వేసి, స్నానానికి వెళ్లకుండా ఇదిగో ఇక్కడే మంచం మీద కూర్చున్నాను. గీజరంటే మీకెంత మంటో నాకు తెలుసు. దీనికి కూడా కదలకపోతే ఇంక దేనికి కదులుతాడీ మనిషి అనుకున్నాను. వాళ్ల గదిలో అల్లుడు పట్టుబట్టి కొన్న ఏసీ ఉంది. మీ కూతురు దాన్ని వాడనివ్వదు, గోడకి అలంకారం. చివరికి దాన్ని కూడా వేసి, తలుపు బార్లా తెరిచిపెట్టాను. తలుపు తెరిచి ఏసీ వెయ్యడమంటే మీ దృష్టిలో అంతకంటే ఘోరం లేదు.

రాలేదండీ మీరు. కళ్లు కాయలు కాచేలా గుమ్మం కేసి చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో అన్నీ మోగుతున్నాయి, అన్నీ తిరుగుతున్నాయి, అన్నీ వెలుగుతున్నాయి. మీరు తప్ప అన్నీ ఉన్నాయి.

ఇక్కడ వచ్చిన చిక్కేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే మీ కూతురు ఈ పొగ లెక్క నెత్తికెత్తుకుంది. ఆదివారం ఆదివారం భోజనాల బల్ల దగ్గర మీటింగు. ఫోన్లో ఏవో నిలువు గీతలు చూపిస్తుంది. పెట్రోలు తగ్గింది, గ్యాసు తగ్గింది, చెత్త తగ్గింది, అవన్నీ ఆకుపచ్చ గీతలు. కరెంటు గీత ఒక్కటే ఎర్రగా పైపైకి పోతోంది. "ఇంత చేస్తున్నాం, ఎక్కడికి పోతోందమ్మా ఇదంతా?" అని తల పట్టుకుంటుంది. నేను ప్లేట్లోకి చూసుకుంటూ తింటాను.

ముందు ఫ్రిజ్ మీద అనుమానపడ్డారు. పాతది కదా, కరెంటు తాగేస్తోందన్నారు. దాన్ని మార్చేశారు. గీత దిగలేదు. కింద ఫ్లోర్ వాళ్లు మన వైరుకి కొక్కెం తగిలించారేమో అన్నాడు అల్లుడు. గట్టిగా తుమ్మని పిల్లాడు, మెట్లు దిగి పోట్లాటకి వెళ్లబోయాడు. ఎలక్ట్రీషియన్ని పిలిచారు. పటకారు లాంటిదేదో వైరు చుట్టూ పెట్టి గదిగదీ చూశాడు. ఎక్కడా లీకు లేదమ్మా అన్నాడు. ఆ లీకే టీ కప్పు పట్టుకుని ఎదురుగా నిలబడిందని ఆయనకేం తెలుసు?

ఆ, నవ్వండి. నేనూ నవ్వుకున్నాను, లోపలికి వెళ్లి. కానీ ఒక సాయంత్రం అది ఆ ఫోను బల్ల మీద పడేసి, "నాన్న ఉంటే ఈపాటికి కనిపెట్టేసేవారు" అంది. అని, ఏడ్చింది. ఇంత మనిషి, చిన్నప్పుడు బొమ్మ విరిగితే ఏడ్చినట్టు ఏడ్చింది. చెప్పేద్దామనుకున్నాను. ఏమని చెప్పను? ఆ నాన్న కోసమే ఎర వేస్తున్నానమ్మా అని చెప్పనా?

మానేద్దామనుకున్నాను, ఒట్టు. మానేశాను కూడా రెండు మూడు రోజులు. వాళ్లు వెళ్లగానే అన్నీ ఆపేసి కూర్చునేదాన్ని. మీ కోసం ఎదురుచూడటం కూడా లేకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చెయ్యాల్సిన పనేమిటో నాకు అర్థం కాలేదు. మళ్లీ మొదలుపెట్టాను.

అప్పుడు జరిగింది.

పిల్లలిద్దరూ ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఇక్కడ లైటు వేసి వదిలేసి, బాల్కనీలో బట్టలు తీసి, మడతలు పెట్టుకుని వచ్చేసరికి గది చీకటి. బల్బు పోయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ అడుగు లోపల పెట్టాను. వెలిగింది.

మీరు నమ్మరు, చేతిలో బట్టలన్నీ జారిపోయాయి. స్విచ్చు చూశాను. వేసింది వేసినట్టే ఉంది. ఉంటుంది మరి, ఆయనకిప్పుడు స్విచ్చుతో పనేముంది అనుకున్నాను. ఖాళీగా ఉంటే తీసేశారు, నేను రాగానే నా కోసం వేశారు.

"వచ్చారా?" అన్నాను.

ఏమన్నారు? ఆ, పిచ్చిదాన్నే. కాదన్నదెవరు?

మర్నాడు మళ్లీ చూశాను. మళ్లీ అంతే. ఆ పైరోజు తలుపు అవతల గోడకి ఆనుకుని నిలబడ్డాను, పిల్లిలా, చప్పుడు చెయ్యకుండా. చాలాసేపటికి టిక్ మంది. నా చెవులతో విన్నాను. లైటు పోయింది. చెప్పుల చప్పుడు లేదు గానీ, ఇప్పుడు చెప్పులెక్కడివిలే అని సరిపెట్టుకున్నాను.

ఆ రోజులు ఎలా గడిచాయో చెబితే మీకు సిగ్గేస్తుంది. పొద్దున్నే తల దువ్వుకునేదాన్ని, చక్కగా. ఎన్నాళ్లుగానో మూలపడ్డ మిషన్‌కి బెల్టు మార్చి, నూనె వేసి, పై ఫ్లోర్ వాళ్ల దిండు గలేబులు కుట్టిచ్చాను. వంట చేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నానట, మీ కూతురే చెప్పింది, "అమ్మ మళ్లీ మనిషయింది" అని మొగుడితో అంటోంది. వాళ్లు బస్సెక్కగానే ఇక్కడ లైటు వేసి బయటికి వెళ్లేదాన్ని. మీరు ఆర్పేదాకా ఆగి, లోపలికొచ్చి, "సరే సరే, ఇంక వదలనులెండి" అనేదాన్ని. మర్నాడు మళ్లీ వదిలేదాన్ని. ఇన్నాళ్లు ఎందుకు రాలేదని ఒకరోజు కడిగేశాను కూడా. అంతా విన్నారు. లైటు నిలకడగా వెలుగుతూనే ఉంది.

బతుకులో అంత సుఖం నేనెప్పుడూ పడలేదండీ. మీరున్నప్పుడు కూడా.

కిందటి ఆదివారం మీటింగులో ఎర్ర గీత దిగింది. మీ కూతురు మొహం వెలిగిపోయింది. నా మొహం ఇంకా వెలిగిపోయుంటుంది, దించింది ఎవరో నాకొక్కదానికే తెలుసు కదా. అప్పుడది నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. నువ్వు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు సెన్సార్లు పెట్టించాం," అంది.

బల్ల పైన లైటు పక్కనున్నది చూపించింది. ఈ గదిలోనూ అలాంటిదే ఉంది. అదిగో, లైటు పక్కన, తెల్లగా, చొక్కా గుండీలా. గదిలో మనిషి కదులుతుంటే లైటు వెలిగిస్తుందట. కాసేపు ఏ కదలికా లేకపోతే ఎవరూ లేరనుకుని ఆపేస్తుందట. మళ్లీ మనిషి రాగానే వేస్తుందట. ఇన్నాళ్లూ తలెత్తి చూడలేదు నేను. నా చూపంతా గుమ్మం మీదే కదా.

"ఎంత బాగుందో" అన్నాను. ఇంకేమనను? నవ్వాను కూడా. లేచి ప్లేట్లు తీసుకెళ్లి సింకులో పెట్టి, పంపు తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాను. నీళ్లు వృథా పోతున్నాయని ఆ పూట అది కూడా ఏమీ అనలేదు.

అసలు సంగతి అల్లుడు కనిపెట్టాడట. ఆ సెన్సార్లు పెట్టకముందే ఒక మధ్యాహ్నం ఏవో కాగితాలు మర్చిపోయి ఇంటికొచ్చాడట. తాళం తీసుకుని లోపలికొస్తే టీవీ, గీజరు, తలుపు తెరిచి ఏసీ. నేనేమో ఇక్కడ మంచం మీద కూర్చుని గుమ్మం కేసి చూస్తున్నానట. గుమ్మంలో తనే నిలబడ్డాడట. నేను చూడలేదట. అతన్ని దాటి వెనక్కి చూస్తున్నానట. భయపడి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు పిచ్చి నాయన. అప్పట్నుంచి ఇద్దరూ గుసగుసలు. ఈ వయసులో మామూలేనమ్మా, మొదట్లోనే చూపిస్తే మంచిదమ్మా అని బుజ్జగింపులు. గ్యాసు పొయ్యి నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. కొట్టుకి ఒంటరిగా వెళ్లకూడదు. తాళంచెవి మెల్లిగా నా దగ్గర్నుంచి మాయమైంది.

అదిగో.

ఆగిపోయింది, చూశారా? చేతులు ఆపి కూర్చున్నాను కదా, గదిలో ఎవరూ లేరనుకుంది. ఉండండి, చెయ్యి ఊపుతాను. ఊఁ. వచ్చింది.

ఇందాక టిక్ మన్నది విన్నారా? అదే ఆ చప్పుడు. ఇన్నాళ్లూ నేను మీరనుకున్నది దాన్నే. ఒక ప్లాస్టిక్ గుండీతో కాపురం చేశానండీ నేను. దానికి క్షమాపణలు చెప్పాను, దాంతో దెబ్బలాడాను, దాని కోసం తల దువ్వుకున్నాను. ఎవరితో చెప్పుకోను?

మీతోనే చెప్పాలి. మీరు లేరు. లేరని తెలిసే చెబుతున్నాను, ఇంకెక్కడ చెప్పను?

ఇప్పుడు నా చిక్కేమిటో విన్నారు కదా. డాక్టరుకి నిజం చెప్పొచ్చు. నాకు మతిమరుపు లేదు నాయనా, అన్నీ గుర్తుండే వదిలేశాను అని. అప్పుడు నా పొయ్యి నాకొస్తుంది, తాళంచెవి నాకొస్తుంది. కానీ పక్క కుర్చీలో మీ కూతురు ఉంటుంది. తను పెట్టించిన గుండీని చూసి అమ్మ నాన్నొచ్చాడనుకుని మురిసిపోయిందని తెలిస్తే అది తట్టుకుంటుందా? ఆ రాగాలు, ఆ కుట్టుపని, ఆ తల దువ్వుకోవడం, అన్నీ ఎందుకో తెలిస్తే? ఇంట్లో ఉన్న సెన్సార్లన్నీ ఆ పూటే పీకి పారేస్తుంది. ఇంక ఈ జన్మలో ఒక స్విచ్చు ఆపగలదా అది, నేను గుర్తు రాకుండా?

అది చేసేది మంచి పనండీ. మీ పనే అది. మీరు ఒక ఫ్యాను ఆపారు, అది ఇల్లంతా ఆపుతోంది. దాని దగ్గర్నుంచి అది కూడా లాక్కోమంటారా? ఇప్పటికే మీరు చూడలేనన్న పనే చేసి మిమ్మల్ని పిలిచాను. ఎవరి బిడ్డకో చాలని కరెంటు ఖాళీ గదులకి పోశాను. నాకు వేరే దారి తెలియలేదు. కోపమొస్తే రండి, వచ్చి తిట్టండి అనుకున్నాను.

మతిమరుపని తేలితే ఏమవుతుంది? నన్ను చిన్నపిల్లలా చూసుకుంటారు. కంట కనిపెట్టుకుని ఉంటారు. ఎలాగో పడతాను.

ఇందాక భోజనాలయ్యాక అల్లుడు పక్కన కూర్చుని, "భయపడకండి అత్తయ్యా, వాళ్లేం అడుగుతారో ఫోన్లో చూశాను, ఒకసారి అనుకుందాం" అన్నాడు. ఈరోజు ఏ వారం అన్నాడు, చెప్పాను. ఏ నెల అన్నాడు, చెప్పాను. వంద నుంచి ఏడేసి తీసేసుకుంటూ వెనక్కి రమ్మన్నాడు. ఇన్నేళ్లు టేపు పట్టి కొలతలు తీసినదాన్ని, గడగడా చెప్పేశాను. అతను తెల్లబోయి, "మీరు నాకంటే నయం అత్తయ్యా" అన్నాడు. అక్కడే తెలిసింది నాకు, ఇలా చెబితే కుదరదని. అన్నీ సరిగ్గా చెబితే, మరి అవన్నీ ఎందుకు వదిలేశావని అడుగుతారు. తప్పాలి. తప్పకుండా తప్పాలి.

ఆఖర్న, "ఇంట్లో మొత్తం ఎంతమంది ఉంటారని కూడా అడుగుతారట" అన్నాడు. అని తల దించేసుకున్నాడు. వంటింట్లోంచి మీ కూతురే అంది, "ముగ్గురం అని చెప్పమ్మా, చాలు."

పిలుస్తోంది. వస్తున్నానమ్మా, చెప్పులేసుకుంటున్నాను.

వారం తప్పు చెబుతాను. నెల తప్పు చెబుతాను. ఏడేసి ఎక్కడో ఒకచోట తడబడతాను. అవన్నీ ఎలా తప్పాలో బస్సులో ఆలోచించుకుంటాను. ఆ ఒక్కదానికి మాత్రం ఆలోచించక్కర్లేదు. ఇంట్లో ఎంతమందమ్మా అని అడుగుతాడు డాక్టరు. నలుగురం అంటాను. ఆయన మతిమరుపని రాసుకుంటాడు, అమ్మాయి అటు తిరిగి కళ్లు తుడుచుకుంటుంది. రాసుకోనివ్వండి. ఎవరో ఒకరితో ఒకసారైనా ఆ మాట అన్నానంటే చాలు నాకు.